అంచు పని ఎవరిది?

చీరల కొట్లో మనల్ని మనమే ఓసారి గమనించుకుందాం. ఒంటి రంగు నచ్చిందో లేదో తేలడానికి ఒక్క క్షణం చాలు. ఆ వెంటనే చెయ్యి అంచు మీదికి పోతుంది. "అంచు ఇంకాస్త వెడల్పున్నది చూపించు బాబూ" అంటాం. గద్వాల చీరలు నేసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేస్తారు వాళ్ళు. చీరంతటిలో అంచు వాటా ఎంతని? నాలుగు వేళ్ళో, జానెడో! కానీ పేరంటంలో పక్కావిడ పట్టుకుని చూసేది ఆ జానెడునే.

ఇంటి ముందు పచ్చికకి కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. మధ్యలో తివాచీ పరిచినంత నున్నగా ఉన్నా సరే, గోడ వారా, పూలమడి చుట్టూ గడ్డి జుట్టు విరబోసుకున్నట్టు లేచి ఉంటే చూసినవాళ్ళు మధ్యను మరిచిపోతారు. "ఈ ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరు కాబోలు" అనేసుకుంటారు.

"మనకి పచ్చికలెక్కడివమ్మా, అపార్ట్‌మెంట్లలో బతికేవాళ్ళం!" అంటారా? కాస్త ఓపిక పట్టండి. ఈ మాట పచ్చిక దగ్గర మొదలై మన వంటింటి దాకా వస్తుంది.

స్వీడన్ దేశంలో పడమటి సముద్రతీరాన గోథెన్‌బర్గ్ అనే ఊరుంది. మా చెల్లెలూ మరిదీ ఉద్యోగాల మీద వెళ్ళి, ఆ ఊరి శివార్లలో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డారు. చిన్న చెక్క ఇల్లు, చుట్టూ పచ్చిక, ఓ పక్క రోజా మొక్కలు, వెనకవైపు పొదల కంచె. రెండేళ్ళ కిందట వేసవిలో నేను వెళ్ళి నెలన్నర ఉన్నాను. జూన్ నెలలో అక్కడ రాత్రి పదింటికి కూడా వెలుగు పోదు. మనుషులకి నిద్ర పట్టదు సరే, గడ్డి కూడా నిద్ర మానేసి పెరుగుతుంది! వారం రోజులు ఊరుకుంటే చీలమండ దాటుతుంది.

అందుకని ఆ దేశంలో చాలా ఇళ్ళ ముందు ఓ తాబేలు తిరుగుతూ ఉంటుంది. నిజం తాబేలు కాదు లెండి. గడ్డి కోసే రోబో. చూడ్డానికి తాబేలు వీపులాంటి డొప్ప, దానికింద చక్రాలు, కడుపు కింద ఒక గుండ్రటి పళ్ళెం. ఆ పళ్ళేనికి గడ్డం గీసుకునే బ్లేడుల్లాంటి చిన్న చిన్న బ్లేడులు. పచ్చిక చుట్టూ నేలలో సన్నటి తీగ పాతుతారు. అందులో చిన్న విద్యుత్ సంకేతం తిరుగుతూ ఉంటుంది. తాబేలు ఆ తీగ దాకా వచ్చి, లక్ష్మణరేఖ తగిలినట్టు ఆగి, మరో దిక్కుకి మళ్ళుతుంది. ఈ మధ్య వచ్చినవాటిలో కొన్నిటికి తీగ కూడా అక్కర్లేదట, ఉపగ్రహాల సంకేతాలతోనే హద్దులు తెలుసుకుంటాయి. రోజూ కొద్దికొద్దిగా కోస్తుంది. తునకలు అక్కడే రాలి ఎరువైపోతాయి గనక ఎత్తిపోసే పని లేదు. బ్యాటరీ తగ్గితే తనంతట తానే గూటికి పోయి కరెంటు తాగి మళ్ళీ వస్తుంది. తిండి పెట్టమనదు, జీతం పెంచమనదు, పండక్కి చీర అడగదు!

అన్నీ చేస్తుంది. అంచు మాత్రం కొయ్యదు.

ఎందుకంటే బ్లేడులున్న పళ్ళెం డొప్పకి బాగా లోపలగా ఉంటుంది. డొప్ప గోడకి తగిలేసరికి బ్లేడు ఇంకా జానెడు దూరంలో ఉంటుందన్నమాట. గోడ వారా, మెట్ల పక్కనా, చెట్టు మొదట్లో, ఉయ్యాల స్తంభాల చుట్టూ ఆ జానెడు మేర గడ్డి అలాగే మిగిలిపోతుంది.

తయారుచేసినవాళ్ళకి ఆ మాత్రం తెలియదా అని నాకూ అనిపించింది. తెలిసే అలా పెట్టారు. పచ్చికలో పిల్లలు చెప్పుల్లేకుండా పరుగెత్తుతారు. బ్లేడు డొప్ప అంచున ఉంటే ఏ పాపాయి బొటనవేలో దానికింద పడుతుంది. అందుకే బ్లేడుని లోపలికి నెట్టారు. దాన్ని పైకెత్తినా, అది వొరిగినా బ్లేడులు ఆగిపోయే ఏర్పాటూ చేశారు. కాబట్టి కొయ్యకుండా మిగిలిన ఆ జానెడు గడ్డి యంత్రం చేతకానితనం కాదు. అది పాపాయి వేలికి వదిలిన చోటు. ఈ సంగతి తెలిశాక ఆ గడ్డి మీద నాకు కోపం పోయింది.

కోపం పోయింది గానీ, గడ్డి పోలేదు కదా! దాని చరిత్ర కూడా కాస్త చెప్పాలి. గడ్డి కోసే యంత్రం పుట్టింది 1830లో, ఇంగ్లండులో. స్ట్రౌడ్ అనే ఊళ్ళో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, ఉన్ని బట్టల మీద లేచిన నూగుని సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో గడ్డినీ కత్తిరించవచ్చు కదా అనుకున్నాడు. అంతకు ముందు మంచు తడి ఆరకముందే పొడుగాటి కొడవళ్ళతో కూలివాళ్ళు కోసేవారు. బడ్డింగ్ తన పేటెంటు పత్రంలోనే, పల్లెటూరి పెద్దమనుషులకి ఈ యంత్రం నడపడం మంచి కాలక్షేపమూ వ్యాయామమూ అవుతుందని రాసుకున్నాడు. చూశారా, కూలివాడు చేస్తే పని, యంత్రం పట్టుకుని దొరగారు చేస్తే వ్యాయామం! గోడ వారా మాత్రం కత్తెర తప్పలేదు.

తరువాత 141 ఏళ్ళకి, 1971లో, అమెరికాలో హ్యూస్టన్ నగరంలో జార్జ్ బల్లాస్ అనే ఆయనకి కార్లు కడిగే చోట గిరగిర తిరిగే బ్రష్షులు చూసి ఓ ఆలోచన వచ్చింది. తన తోటలో చెట్ల మొదళ్ళ చుట్టూ గడ్డి ఎలా తియ్యాలా అన్నది ఆయన బాధ. పేలాల డబ్బా ఒకటి తీసుకుని, చేపల గాలానికి కట్టే తీగ దానికి తగిలించి, మోటారుతో తిప్పి చూశాడు. గడ్డి తెగింది! ఈనాడు మన మునిసిపల్ పార్కుల్లోనూ, రోడ్ల మధ్య డివైడర్ల మీదా 'ర్ర్ర్' మంటూ భుజాన వేసుకుని తిప్పే యంత్రానికి మూలపురుషుడు అదే. 1995లో స్వీడన్ దేశపు హస్క్‌వర్నా కంపెనీ ఎండతో నడిచే రోబోని మార్కెట్లోకి తెచ్చింది. పచ్చిక మధ్యభాగం మనిషి చేతిలోంచి పూర్తిగా జారిపోయింది అప్పుడే. అంచు మాత్రం మనిషి చేతిలోనే ఉండిపోయింది.

ఏ మనిషి చేతిలో? అసలు ప్రశ్న అదీ.

మా చెల్లెలింట్లో రోబో రాకముందు శనివారం పొద్దున్న గడ్డి పని మా మరిదిది. మోటారు బండి తోస్తూ పచ్చికంతా తిరిగి, చివర్లో మోకాళ్ళ మీద కూచుని కత్తెరతో అంచులు కూడా తనే కత్తిరించేవాడట. మధ్యా, అంచూ కలిపి ఒకటే పని. దానికో పేరుంది, ఓ రోజుంది, చేసే మనిషి ఉన్నాడు. అదే సమయానికి చెల్లెలు వీణ పాఠానికి వెళ్ళేది. అక్కడ ఓ తమిళావిడ నేర్పుతుంది, శనివారాలే ఖాళీ ఆవిడకి.

రోబో వచ్చింది. "మా ఇంట్లో గడ్డి కోసే పని అన్నదే లేదు వదినా, రద్దయిపోయింది!" అన్నాడు మరిది నాతో, నేను దిగిన మర్నాడే. మంచివాడు, అబద్ధమాడే మనిషి కాదు. అతని వరకూ అది నిజమే.

శనివారం పొద్దున్న లేచి కిటికీలోంచి చూద్దును కదా, మా చెల్లెలు పాత దిండొకటి మోకాళ్ళ కింద వేసుకుని గోడ వారా కత్తెర ఆడిస్తోంది. గంటన్నర పట్టింది. లేచేటప్పుడు నడుం పట్టుకుని లేచింది.

"వీణ క్లాసు లేదుటే ఇవాళ?"

"ఈమధ్య వెళ్ళడం లేదక్కా. టైము కుదరడం లేదు."

"ఇదంతా మీ ఆయన చేసేవాడన్నావుగా?"

"అది గడ్డి కోసేటప్పుడక్కా. ఇప్పుడు గడ్డి రోబో కోస్తోందిగా. ఇదేమంత పని, ఓ గంట. చూస్తూ ఊరుకోలేక చేస్తున్నా. నన్నెవరూ చెయ్యమనలేదు."

ఈ ఆఖరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. 'నన్నెవరూ చెయ్యమనలేదు.' ఇదే మాట కాస్త తిప్పి మన ఇళ్ళల్లో మగవాళ్ళ నోట ఎన్నిసార్లు వినలేదు? 'నిన్నెవరు చెయ్యమన్నారు?' అని. ఎవరూ చెయ్యమనని పని పని కిందికి వస్తుందా, రాదా? ఒకరు అడగకుండా చేసినదానికి ఇంకొకరు బాకీ పడతారా? తేలిగ్గా కనిపిస్తుంది గానీ, చిక్కు ప్రశ్నే.

ఒక పక్క నుంచి చూస్తే మరిది పక్షానా న్యాయముంది. నా కంటికి అంచు చక్కగా ఉండాలనిపిస్తే ఆ ముచ్చట నాది. నా ముచ్చటకి పక్కవాళ్ళని వెట్టి చెయ్యమనడం ధర్మం కాదు. గోడ వారా గడ్డి పెరిగినా నాకేం ఫరవాలేదనే హక్కు అతనికుంది. శుభ్రం మీద మోజున్న ఆడవాళ్ళం మనం కూడా ఒప్పుకోవలసిన మాటే ఇది.

కానీ అతనికి నిజంగా ఫరవాలేదా? అక్కడే తేలాలి. స్నేహితులొస్తే కాఫీ కప్పులతో ఆ పచ్చిక మీదికే తీసుకెళ్ళి, "అంతా రోబో మహిమే" అని చూపించేది అతనేగా! చక్కటి అంచుని చూసి సంతోషించినవాడు, నోటితో అడగకపోయినా, కంటితో అడిగినట్టే. అనుభవించేది ఇద్దరూ అయినప్పుడు ముచ్చట ఒక్కరిదే ఎలా అవుతుంది?

తేల్చింది మళ్ళీ గడ్డే. మా చెల్లెలికి నడుం పట్టేసి మూడు వారాలు వంగలేకపోయింది. నాలుగో వారం మరిది వరండాలో నిలబడి, కళ్ళు చిట్లించి చూసి, "రోబో సరిగ్గా పనిచెయ్యడం లేదల్లే ఉంది, సర్వీసు వాళ్ళని పిలవాలి" అన్నాడు!

నేనూ చెల్లెలూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ముందు నవ్వొచ్చింది. తరువాత చెల్లెలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళుగా తను కత్తిరించిన అంచంతా యంత్రం ఖాతాలో జమ అయిందని అప్పుడు తెలిసింది దానికి. పని చెయ్యడం కష్టమనిపించలేదు. చేసిన పని అసలు లేనట్టే లెక్క తేలడం కష్టమనిపించింది.

అమెరికాలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకం రాశారు. ఇంటి యంత్రాలు వచ్చినా ఇల్లాలి పని ఎందుకు తగ్గలేదన్నది దాని విషయం. ఆవిడ చెప్పేదేమిటంటే, కొత్త పొయ్యిలు వచ్చాక తగ్గింది కట్టెలు కొట్టే పని, అంటే మగవాళ్ళది. మిల్లు పిండి వచ్చాక తగ్గింది గింజలు మరపట్టించే పని, అదీ మగవాళ్ళూ పిల్లలూ చేసేదే. వండే పని మాత్రం తగ్గకపోగా పెరిగింది. యంత్రం ఇంట్లో ఎవరి పని తీసేసింది, ఎవరి పని మిగిల్చింది అన్నది మనం అడగం. 'సుఖమొచ్చింది' అని మాత్రం అందరం అంటాం.

ఇప్పుడు మన వంటింట్లోకి వద్దాం. వాషింగ్ మెషీన్ బట్టలుతుకుతుంది. జేబులు వెతకడం, కాలర్లకి సబ్బు రుద్దడం, ఆరెయ్యడం, మడతపెట్టడం ఎవరిది? మిక్సీ పచ్చడి రుబ్బుతుంది. బ్లేడు కింద ఇరుక్కున్న పచ్చడిని వేలు తెగకుండా తియ్యడం ఎవరిది? ఈమధ్య హైదరాబాదు ఫ్లాట్లలోకి ఇల్లు ఊడ్చే రోబోలూ వస్తున్నాయి. అవి చాలావరకు గుండ్రంగా ఉంటాయి. మన గదులకేమో మూలలుంటాయి! గుండ్రటిది మూలకి అందదు. ఆ మూల చీపురు పట్టుకున్నదెవరు? మన దేశంలో ప్రభుత్వం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలూ, మగవాళ్ళు 97 నిమిషాలూ వాటి మీద గడుపుతున్నారని తేలింది. ఆ 299 నిమిషాల్లో ఇలాంటి అంచు పనులు ఎన్నున్నాయో మనకే తెలియాలి. 'ఇదేమంత పని' అని మనమే కొట్టిపారేస్తాం గనక సర్వే వాళ్ళకి కూడా అన్నీ చెప్పి ఉండం.

మరి చెల్లెలింట్లో ఏమైందంటారా? సర్వీసు వాళ్ళని పిలవలేదు. చెల్లెలే మరిదిని గోడ దగ్గరికి తీసుకెళ్ళి, దిండూ కత్తెరా చేతికిచ్చి, "ఇదీ మీ రోబోలో పాడైన భాగం. దీనికి నడుం నొప్పి" అంది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "నాకు చెప్పొచ్చుగా" అన్నాడు. "మీరు చూడొచ్చుగా" అంది అది. రెండూ నిజాలే. చెప్పకుండా చేసుకుపోవడం మన అలవాటు, చూడకుండా సుఖపడడం వాళ్ళ అలవాటు. రెండూ కలిస్తేనే అంచు పని అదృశ్యమవుతుంది.

ఆ తరువాత రెండు వారాంతాలు మరిది గోడ వారా పలకరాళ్ళు పరిచాడు. పచ్చికకి సరిసమానంగా, ఎత్తూ పల్లమూ లేకుండా నేలలోకి దించాలి. అప్పుడు రోబో చక్రం రాయి మీదికి ఎక్కుతుంది, బ్లేడు గడ్డి చివరి దాకా పోతుంది. తీగని కూడా ఆ మేరకి గోడ దగ్గరగా జరపాలి. పూలమడి చుట్టూ కూడా అదే పద్ధతి. రాళ్ళకి లొంగని చోట్లు, అంటే ఉయ్యాల స్తంభాలూ, చెట్టు మొదలూ, రెండు వారాలకోసారి నైలాన్ తీగ యంత్రంతో తనే తీస్తానన్నాడు. తీస్తున్నాడు కూడా. వీణ పాఠం మళ్ళీ మొదలైంది.

వెనకవైపు పొదల కంచె కింద జానెడు కాదు, మూరెడు గడ్డి అలాగే వదిలేశారు. ఆ దేశంలో చిన్న ముళ్ళజంతువు ఒకటుంది, హెడ్జ్‌హాగ్ అంటారు. రాత్రిపూట తిరుగుతుంది. ప్రమాదమొస్తే పరుగెత్తదు, ముడుచుకుని బంతిలా పడుకుంటుంది. రోబో ముందు ముడుచుకుని పడుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? 2021లో డెన్మార్క్ పరిశోధకులు చచ్చిపోయిన హెడ్జ్‌హాగ్‌లని అడ్డంగా పెట్టి రకరకాల రోబోలని పరీక్షించారు. తగిలేదాకా ఒక్క యంత్రమూ వాటిని గుర్తుపట్టలేదు. కొన్ని యంత్రాలు తగిలాక గాయపరిచాయి కూడా. పక్కింటి ముసలావిడ ఈ సంగతి చెప్పాక చెల్లెలు వాళ్ళు రోబోని పగటిపూటే తిప్పుతున్నారు, ఆ కంచె కింద దాన్ని పోనివ్వడం లేదు. కాబట్టి ఆ అంచు అశుభ్రంగానే ఉంటుంది. కానీ దాన్ని చూసి ఇప్పుడెవరికీ బాధ లేదు. ఇద్దరూ కూచుని మాట్లాడుకుని వదిలేసిన గడ్డి అది.

నాకు తోచినంతలో మిగిలిపోయిన పనికి న్యాయమైన దారులు మూడే. పని పుట్టకుండా ముందే రాళ్ళు పరుచుకోవడం ఒకటి. పుట్టిన పనికి పేరు పెట్టి, ఇదిగో ఇది నీది, ఇది నాది అని పంచుకోవడం రెండోది. అక్కర్లేదనుకుంటే ఇద్దరూ ఒప్పుకుని వదిలెయ్యడం మూడోది. ఈ మూడింట్లో ఏదైనా సరే, తప్పు లేదు. తప్పల్లా, ఒకరు మోకాళ్ళ మీద కూచుని చేస్తూ ఉండగా రెండోవారు 'అదంతట అదే అయిపోతోంది' అనుకోవడంలో ఉంది. ప్రపంచంలో ఏ అంచూ దానంతట అది చక్కబడదు.

'ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు' పెద్దలు. ఆ మాటతో మనని ఎంతకాలం మోకాళ్ళ మీద కూచోబెట్టారో లెక్కలేదు. ఇల్లు ఇద్దరిదైనప్పుడు ఇంటాయన్నీ చూడొచ్చు కదా!

ఈసారి మీ ఇంటికి కొత్త యంత్రం ఏదొచ్చినా, పసుపూ కుంకుమా పెట్టే ముందు అందరినీ పిలిచి ఒక్క ప్రశ్న అడగండి. "ఇది చెయ్యకుండా మిగిల్చేది ఏమిటి? ఆ మిగిలినది ఎవరిది?" అని. కోపంగా అడగక్కర్లేదు, నవ్వుతూనే అడగండి. జవాబు రాకపోతే కంగారు పడకండి, అదీ ఒక జవాబే. ఏమంటారు?